అన్నం ముట్టని పిల్ల: ఇది డైటింగా, జబ్బా? హైదరాబాద్‌లో ఎవరికి చూపించాలి?

మెహదీపట్నం అత్త
మా అన్నయ్య కూతురు ఇంటర్ సెకండియర్, బైపీసీ, హాస్టల్లో ఉండి చదువుతోంది. దసరా సెలవులకి వచ్చింది. మనిషి సగమైపోయింది. కంచం ముందు కూర్చుని చపాతీని చిన్న చిన్న ముక్కలు చేసి అటూ ఇటూ జరిపి, "కడుపు నిండింది అత్తా" అని లేస్తుంది. మాకందరికీ మాత్రం తనే వండి కొసరి కొసరి వడ్డిస్తుంది. ఎండ మండిపోతున్నా స్వెటర్ తియ్యదు. రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీద నడుస్తూనే ఉంటుంది. నెలసరి ఆగిపోయింది. థైరాయిడ్, పీసీఓడీ పరీక్షలు చేయిస్తే ఏమీ లేదన్నారు. అన్నయ్య పరీక్షల టెన్షన్ అంటాడు, వదిన దిష్టి తీసింది. నాకైతే భయంగా ఉంది. ఇలాంటిది చూసినవాళ్ళు చెప్పండి. ఒక్క మనవి: బరువులు, క్యాలరీల అంకెలు రాయకండి. ఇలాంటి పిల్లలు చదివితే ఆ అంకెతో పోటీ పడతారు.

ఉప్పల్ అమ్మాయి
నేనూ అత్తా అనే పిలుస్తాను. నాది అనొరెక్సియా నెర్వోసా. ఆకలి లేక తినకపోవడం కాదు ఇది. ఆకలి దంచేస్తుంది, రోజంతా తిండి గురించే ఆలోచన. అందుకే వండటం, వంటల వీడియోలు చూడటం, పక్కవాళ్ళు తింటుంటే చూడటం. నోట్లో ముద్ద పెట్టుకోవాలంటే మాత్రం భయం. అద్దంలో ఎప్పుడు చూసుకున్నా లావుగానే కనిపించేదాన్ని. స్వెటర్ వేసుకునేది ఎముకలు దాచుకోవడానికే కాదు, తిండి లేక ఒళ్ళు నిజంగానే చల్లబడిపోతుంది. చేతుల మీద సన్నని నూగు కూడా వస్తుంది, చూడండి.

బరువు తగ్గిన కొత్తలో చుట్టాల పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నిలబెట్టుకోవాలన్న పట్టుదల నాకు ఎంత పట్టిందో చెప్పలేను. "ఎందుకు తినవు" అని నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. మా పిన్ని మాత్రం నా ఒంటి ఊసెత్తలేదు. "నీకు కళ్ళు తిరుగుతున్నాయి, నిద్ర పట్టట్లేదు, దానికి డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అంది. ఆ మాటకే కదిలాను.

ఆస్పత్రి డైటీషియన్
అమ్మా, ముందు గుండె సంగతి చూడండి. ఇది మనసు జబ్బే అయినా దెబ్బ ఒంటికి తగులుతుంది. మానసిక వ్యాధుల్లో మరణాలు ఎక్కువగా ఉండేవాటిలో అనొరెక్సియా ఒకటి. ఏ ఫిజీషియన్ దగ్గరైనా నాడి, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, షుగర్ చూపించండి. స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, నీళ్ళు కూడా మానేసినా, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఇంకోటి, ఇది మన ఇళ్ళలో తప్పకుండా చెప్పాల్సింది. బాగా చిక్కిపోయిన పిల్లకి పోయిన బలమంతా ఒక్కరోజులో రావాలని నెయ్యన్నం, స్వీట్లు కుక్కి పెట్టకండి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం పడితే రక్తంలో ఫాస్ఫరస్ చప్పున పడిపోతుంది, గుండెకే ముప్పు. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఎంతతో మొదలుపెట్టాలో, ఎలా పెంచాలో డాక్టర్ రక్తపరీక్షలు చూస్తూ చెప్పాలి.

కేపీహెచ్‌బీ తమ్ముడు
మగపిల్లల గురించి ఎవరూ అడగరు, అందుకే రాస్తున్నా. నేను సన్నగా లేను, జిమ్ బాడీ. ఇంట్లో గర్వపడేవారు. చెల్లెలి పెళ్ళిలో కూడా డబ్బాలో ఉడికించిన చికెన్ పట్టుకెళ్ళి కారులో కూర్చుని తిన్నాను. జ్వరంలోనూ వర్కవుట్ మానలేదు. ఒకరోజు అదుపు తప్పి తింటే రెండు రోజులు పస్తు. ట్రైనర్ దాన్ని క్రమశిక్షణ అన్నాడు, సైకాలజిస్టు జబ్బన్నారు. మనిషి ఎంత సన్నబడ్డాడని కాదు, తిండి వల్ల బతుకు ఎంత ఇరుకైపోయిందో చూడండి.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్
నాది బులీమియా. లావూ కాను, సన్నమూ కాను. అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియలేదు. షిఫ్టయ్యాక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే నలుగురికి సరిపడా ఆర్డర్ చేసుకుని, ఆపాలనుకున్నా ఆపలేక తినేసి, తర్వాత సిగ్గుతో వాంతి చేసుకునేదాన్ని. మొదట పట్టుకున్నది పళ్ళ డాక్టర్. ముందు పళ్ళ లోపలి వైపు ఎనామిల్ అరిగిపోయిందట. చెవుల కింద బుగ్గలు ఉబ్బి ఉన్నాయట. నెమ్మదిగా అడిగింది, నాకు ఏడుపొచ్చేసింది. అన్నం తినగానే ఎవరైనా ప్రతిసారీ బాత్‌రూమ్‌కి పరిగెడుతుంటే, వేళ్ళ కణుపుల మీద గాట్లు ఉంటే గమనించండి.

సీబీటీ అనే థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం), దాంతోపాటు సైకియాట్రిస్ట్ రాసిన ఫ్లూఆక్సెటీన్ అనే మందు నాకు పనిచేశాయి. నా కొలీగ్‌కి వాంతులు లేవు, అదుపు తప్పి తినడం ఒక్కటే. అదీ జబ్బేనని, బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని 2013లో డీఎస్‌ఎం-5 అనే అమెరికా సైకియాట్రిస్టుల మానసిక జబ్బుల జాబితాలో విడిగా చేర్చారు. దానికీ వైద్యం ఉంది.

రిటైర్డ్ మాస్టారు, నల్లకుంట
మా రోజుల్లో ఇవన్నీ లేవు. డబ్బున్నవాళ్ళ పిల్లల గారం కాదా ఇది?

బాలాపూర్ చెల్లి
కాదు సార్. మా నాన్న ఆటో నడుపుతారు. నేను తినకపోతే "రేషన్ బియ్యం నచ్చట్లేదా" అని అమ్మ కుమిలిపోయేది. నాకు పేరు తెలియని జబ్బు, ఇంట్లో డబ్బు లేదు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో చూపించారు. ఎర్రగడ్డ పంపిస్తామని మన ఊళ్ళో ఎగతాళి చేస్తారు కదా, అందుకే నాన్న ఎవరికీ చెప్పలేదు. అక్కడి డాక్టర్ గంటసేపు కూర్చుని విన్నారు. గాంధీ, ఉస్మానియాల్లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంది. వెళ్ళే ధైర్యం లేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు.

మెహదీపట్నం అత్త
నాయనా, తల్లీ, మీరందరూ ఇంత విప్పి చెప్పారు. ప్రైవేటులో అయితే ఇన్సూరెన్స్ వస్తుందా? సైకియాట్రిస్టుకా, సైకాలజిస్టుకా ముందు చూపించాల్సింది?

ఆస్పత్రి డైటీషియన్
మీ పాప విషయంలో ముందు ఫిజీషియన్, వెంటనే సైకియాట్రిస్ట్. మందులు రాసేది, అడ్మిషన్ నిర్ణయించేది వాళ్ళే. థెరపీకి క్లినికల్ సైకాలజిస్ట్. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడం తప్పు కాదు. "ఈటింగ్ డిజార్డర్ కేసులు చూశారా?" అని కూడా ఫోన్లోనే అడగండి. చూడనివాళ్ళు తినమని సలహా ఇచ్చి పంపేస్తారు. ఇన్సూరెన్స్ సంగతి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఎలా ఇస్తారో మానసిక జబ్బులకీ అలాగే ఇవ్వాలి. కానీ మామూలుగా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తాయి. మీ పాలసీ కాగితం తీసి చూడండి.

టోలీచౌకీ ఆపా
మా అమ్మాయికి రంజాన్‌లో రోజా ఉండొద్దని డాక్టర్ చెప్పారు. జబ్బు మనిషికి మినహాయింపు ఉందని మౌల్వీ సాబ్ కూడా నచ్చజెప్పారు. కార్తీక సోమవారాలు వస్తున్నాయిగా, మీ ఇంట్లో కూడా ముందే మాట్లాడుకోండి. ఉపవాసం వెనక ఈ జబ్బు బాగా దాక్కుంటుంది.

వనస్థలిపురం అమ్మ
వైద్యం మొదలయ్యాక ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను, ఎక్కువ కష్టం అక్కడే. మాకు ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ చెప్పారు. లండన్ మాడ్‌స్లీ ఆస్పత్రిలో పుట్టిన పద్ధతి. కౌమారంలో ఉన్న పిల్లలకి బాగా పనిచేస్తుందట. పిల్ల ఏం తినాలో కొంతకాలం పిల్ల నిర్ణయించదు, అమ్మానాన్నలే. టిఫిను, భోజనం, మధ్యలో చిరుతిండి, వేళ తప్పకూడదు. పక్కన ఒకరు కూర్చోవాలి. మొదటి వారాలు నరకం. కంచం విసిరేసింది, నేను శత్రువునంది. "అలా అరిచేది జబ్బు, మీ అమ్మాయి కాదు" అని థెరపిస్ట్ చెప్పిన మాట పట్టుకునే ఉన్నాను. బతిమాలలేదు, తిట్టలేదు, "ఇదే నీ మందు" అని ముద్ద ముందు పెట్టి కూర్చునేదాన్ని. తిన్నాక గంటసేపు క్యారమ్స్, లేకపోతే వాళ్ళ నాన్నతో సినిమా కబుర్లు, లోపల గోల కాస్త సద్దుమణగడానికి. అనొరెక్సియాని నేరుగా తగ్గించే మాత్ర లేదు. దిగులుకీ ఆందోళనకీ మందులు ఇస్తారేమో గానీ అసలు మందు తిండే. బరువు వచ్చాక నిర్ణయాలు మెల్లగా పిల్ల చేతికి ఇచ్చేశాం.

అత్తగారూ, మీ వదినని ఒంటరిగా వదలకండి. పూట పూటకీ ఎదురు కూర్చునే తల్లి కూడా అలిసిపోతుంది.

మెహదీపట్నం అత్త
అన్నయ్యకి ఇదంతా చదివి వినిపించాను. రేపు పొద్దున్నే ఈసీజీకి తీసుకెళ్తున్నాం. పిల్లకి ఏం చెప్పమంటారు?

ఉప్పల్ అమ్మాయి
నిజమే చెప్పండి అత్తా. రక్తం తీస్తారని, గుండె పరీక్ష ఉంటుందని, మీరు పక్కనే ఉంటారని ఈ రాత్రే చెప్పండి. బరువు చూడాల్సి వస్తే తనని వెనక్కి తిప్పి నిలబెట్టి, అంకె బయటికి చదవొద్దని నర్సుకి ముందే చెప్పండి. డాక్టర్‌తో కాసేపు తనని ఒంటరిగా మాట్లాడనివ్వండి.