అప్‌డేట్: సులవెసి కోకో తోటలో కాయలు మచ్చలుగా పసుపెక్కడానికి కారణం దొరికింది

మూడు నెలల క్రితం అడిగింది నేనే. ఇండోనేషియాలో, దక్షిణ సులవెసిలోని ఉత్తర లువు కొండల్లో మా మామగారి కోకో తోట ఉంది. కాయలు పండకముందే అక్కడక్కడా పసుపెక్కుతున్నాయి, తోట కొట్టేయాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా కాయ కోసి చూడమన్న ఏలూరు వైపు రైతుగారికి.

వ్యవసాయ విస్తరణాధికారి వచ్చి ముందు కాయను చెవి దగ్గర ఊపారు. పండిన మంచి కాయలో గింజలు కదిలిన చప్పుడు వస్తుంది, మాది మూగగా ఉంది. చీలిస్తే గింజలన్నీ ఒకే ముద్ద, కత్తిమొనతో పెకలించినా విడిపోలేదు. కాయతొలుచు పురుగట. పిల్లపురుగు తొక్క తొలుచుకుని లోపలికి పోయాక పైన మందు కొట్టి లాభం లేదు.

పనిచేసింది వారం వారం కోత. నెలకోసారి కోయడమే మా తప్పు. తొక్కలు అదే రోజు పూడ్చడం, కొమ్మలు కత్తిరించడం కూడా పనికొచ్చాయి. లేత కాయలకు ప్లాస్టిక్ సంచులు తొడగమన్న సలహా మంచిదే కానీ చేతులు చాలవు, ఇంటి దగ్గరి చెట్లకే తొడిగాం. నల్లకాయ తెగులో, పొటాష్ లోపమో అన్న అనుమానాలు మా విషయంలో నిజం కాలేదు. పొటాష్ కోసం బూడిద చల్లిన శ్రమ వృథా.

తోట కొట్టలేదు, ముసలి చెట్లకు పక్క అంట్లు (మాను పక్కన మంచి చెట్టు కొమ్మ అతికించడం) కడుతున్నాం. మరిది మాత్రం మధ్య సులవెసిలోని మొరోవాలి నికెల్ కర్మాగారాల్లో పనికి వెళ్లిపోయాడు. నెలనెలా జీతం, అతన్ని తప్పుపట్టలేను. కోతకు ఒక మనిషి తగ్గాడు, అంతే.