కర్నూలు పేరులో కందెన సరే, ‘వోలు’ సంగతేంటి?

“అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లకు ఇక్కడ కందెన పూసేవారు కాబట్టి కందెనవోలు. ఇందులో ఇంకా చర్చ ఏముంది?” అని అడిగిన తమ్ముడికి ఈ జవాబు.

కథ నాకూ ఇష్టమే. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పట్టించడం బండి తోలినవాళ్లకు తెలిసిన పని. అలంపురం తుంగభద్రకు ఆవలి గట్టున ఉంది. ఏరు దాటే ముందు బండ్లు మనవైపు ఆగి ఉంటాయనడం నమ్మేలాగే ఉంది. కానీ పాలమూరు వైపు నాగర్‌కర్నూలునూ కందనూలు అనే అంటారు. అక్కడ తుంగభద్ర లేదు. మన రేవు కథ ఆ ఊరికి అతకదు కదా!

నా దృష్టిలో గట్టి ఆధారం రెండో సగంలో ఉంది. ‘ప్రోలు’ అంటే ఊరు, పట్టణం. భట్టిప్రోలులో అది చెక్కుచెదరలేదు, చేబ్రోలులో ‘బ్రోలు’ అయింది, నిడదవోలులో పకారం వకారమై ‘ర’ జారిపోయింది. పాత నిరవద్యప్రోలే నేటి నిడదవోలు. కందనవోలూ ఆ వరసలోదే. తర్వాత నోట్లో నలిగి కందనోలు, కందనూలు, చివరికి కర్నూలు. మొదటి సగం కందెనో, ఎవరి పేరో వాదించుకోవచ్చు గానీ, తుంగభద్రలో హంద్రీ కలిసే ఈ చోటును జనం ‘ప్రోలు’ అని పిలిచారన్నది మాత్రం పేరులోనే ఉంది.

— అన్నా, మరి కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ) వచ్చాక బండ్ల పని పోయిందా?

బండ్లు పోలేదు తమ్ముడూ, పడవలు తోడయ్యాయి. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో తవ్వకం మొదలుపెట్టింది. సాగుకే కాదు, సరుకు రవాణాకూ అని లాకులు (నీటిమట్టం మారే చోట పడవల్ని ఎక్కించి దించే తలుపుల గదులు) పెట్టి కట్టారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవల రాకపోకలు 1933 ప్రాంతంలో ఆగిపోయాయి, సాగునీరు మాత్రం నేటికీ పారుతోంది. ఊళ్లో హంద్రీ అడ్డొచ్చిన చోట కాలువను అక్విడక్టు మీదుగా దాటించారు. కింద ఏరు, పైన కాలువ. దగ్గర నిలబడి చూడాల్సిన కట్టడం అది. సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు, అంటే తుంగభద్ర నీళ్లు పెన్నా పొలాలకు చేరుతున్నాయి.

లాకు ఇంగ్లీషు మాటే అయినా కాలువ గట్టు ఊళ్లలో మన మాటైపోయింది. నంద్యాల, మైదుకూరు వైపు వాళ్లు తూముకూ లాకుకూ తేడా ఎలా చెప్తారో రాయండి. పాతవాళ్లు కందనోలు అనేవారో, కందనూలు అనేవారో కూడా అడిగి చెప్పండి.