ఎస్కార్ట్ మిషన్ ఆడుతుంటే బాంబర్లను ఎవరూ పట్టించుకోవట్లేదు, ఏం మార్చాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మేం నలుగురం ఆదివారాలు మినియేచర్ వార్‌గేమ్స్ (బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధాలు) ఆడుతుంటాం. ఇన్నాళ్లూ ట్యాంకులే, ఈ మధ్యే విమానాలు మొదలుపెట్టాం. 1943లో జర్మనీ మీద అమెరికా ఎనిమిదో వైమానిక దళం చేసిన దాడులు తీసుకున్నాం. ఆరు బీ-17 బాంబర్లు, వాటికి కాపలాగా, అంటే ఎస్కార్ట్‌గా, నాలుగు పీ-47 ఫైటర్లు, ఎదురుగా ఆరు జర్మన్ ఫోకే-వుల్ఫ్ 190 ఫైటర్లు. హెక్స్ (ఆరు మూలల) గడుల మ్యాట్ మీద ఆడతాం. ఎవరి కదలిక వాళ్లు ముందే చీటీ మీద రాసుకుని, అందరం ఒకేసారి జరుపుతాం.

మూడో టర్న్ వచ్చేసరికి ఫైటర్లన్నీ బల్ల మీద ఓ మూలకి చేరి ఒకదాని వెనక ఒకటి గిరగిరా తిరుగుతున్నాయి. బాంబర్లు మా తమ్ముడివి. "ముందుకి 3 గడులు" అని రాయడం తప్ప వాడికి పనే లేదు. మూడు ఆటల్లో రెండుసార్లు బాంబర్లకి గీత కూడా పడలేదు. వాడు ఇక రానంటున్నాడు. తప్పు ఎక్కడుంది?

జవాబు:

రూల్స్ బాగానే ఉన్నాయండీ, పాయింట్లు చూసుకోండి. ఫైటర్‌ని కూల్చినా, బాంబర్‌ని కూల్చినా పాయింట్లు వస్తుంటే ఎవరైనా చేతికందిన ఫైటర్ వెంటే పడతారు. మేం ఇలా మార్చుకున్నాం. జర్మన్ ఆటగాడికి ఎస్కార్ట్‌ని కూలిస్తే సున్నా. బాంబర్‌ని ఫార్మేషన్ (బాంబర్లన్నీ కలిసి ఎగిరే గుంపు) నుంచి విడదీస్తే 2, కూలిస్తే 4. అమెరికన్‌కి ఫార్మేషన్‌లో ఉంటూ అవతలి అంచు దాటిన ఒక్కో బాంబర్‌కి 3, కూల్చిన ఫైటర్‌కి 1 మాత్రమే. ఈ ఒక్క మార్పుతోనే జర్మన్ ఫైటర్ల ముక్కు బాంబర్ల వైపు తిరుగుతుంది.

రెండోది, మా ఇంటి రూల్. ఏ టర్న్‌లోనైనా ఎస్కార్ట్ కాల్పులకి గురైన ఫైటర్ ఆ టర్న్‌లో బాంబర్ మీద కాల్చకూడదు, దెబ్బ తగలకపోయినా సరే. అప్పుడు ఎస్కార్ట్ నడిపేవాడికి తన పనేంటో అర్థమవుతుంది. శత్రువుని కూల్చక్కర్లేదు, గురి చెడగొడితే చాలు.

ఎస్కార్ట్‌లని బాంబర్ల పక్కనే మొదలుపెడుతున్నారా? అలా అయితే వెంటనే మార్చండి. బాంబర్లు టర్న్‌కి 3 గడులు పోతుంటే ఫైటర్ కనీసం 5 పోవాలి కదా, పక్కనే ఉండాలంటే మెలికలు తిరగాల్సిందే. ఆ మెలికల్లోనే వేగం, ఎత్తు రెండూ పోతాయి. 1940లో ఇంగ్లండ్ మీద జర్మన్ ఫైటర్లకి జరిగింది ఇదే. బాంబర్లని అంటిపెట్టుకుని ఉండమని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ పట్టుబట్టాడు. దాంతో మెసర్‌ష్మిట్ 109లకి ఎత్తు నుంచి దూకే అవకాశమే పోయింది. పైగా లండన్ దాకా వస్తే అక్కడ పోరాడటానికి వాటికి మిగిలే పెట్రోల్ సుమారు 10 నిమిషాలకే. కాబట్టి ఒక జతని బాంబర్ల కంటే ఎత్తులో రెండు మెట్లు పైన, నాలుగైదు గడులు ముందు పెట్టండి. రెండో జత వెనక, ఇంకో మెట్టు పైన.

పెట్రోల్ సంగతి వచ్చింది కాబట్టి, మీ ఆటకి ప్రాణం పోసేది అదే. 1943 అక్టోబర్ 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ నగరం మీదికి 291 బీ-17లు బయల్దేరాయి. పీ-47లు జర్మనీ పశ్చిమ సరిహద్దులోని ఆహెన్ దగ్గర్నుంచి వెనక్కి తిరగాల్సి వచ్చింది, అంతకుమించి వెళ్లే పెట్రోల్ లేదు. ఆ రోజు 60 బాంబర్లు పోయాయి, ఒక్కోదాంట్లో పది మంది. బల్ల మీద దీన్ని డైస్‌తో తెచ్చుకోవచ్చు. నాలుగో టర్న్‌లో 6 పడితే ఎస్కార్ట్‌లు ఇంటిదారి పడతాయి. ఐదో టర్న్‌లో 5 పడినా చాలు, ఆరులో 4 పడినా చాలు, అలా దిగుతూ పోతుంది. జర్మన్ ఆటగాడు ఎస్కార్ట్‌లు పోయేదాకా ఊరికే చూస్తూ కూర్చోకూడదంటే మ్యాట్ పొడవు 30 గడులే ఉంచండి. పది టర్న్‌లలో బాంబర్లు దాటిపోతాయి. ఆగాలా, ఇప్పుడే దూకాలా అన్న టెన్షన్ అతనికీ ఉంటుంది.

మళ్లీ ప్రశ్న:

చాలా థ్యాంక్స్ అన్నా. మరి మా తమ్ముడి సంగతి? బాంబర్లకి అప్పుడు కూడా నిర్ణయాలేం ఉండవు కదా.

జవాబు:

ఉంటాయి తమ్ముడూ. ఇంజిన్ దెబ్బతిన్న బాంబర్ వేగం 2కి పడిపోతుంది. దాన్ని వదిలేసి మిగతావి 3తోనే పోవాలా, అందరూ 2కి తగ్గి దానికి తోడుండాలా అన్నది మీ తమ్ముడే తేల్చుకోవాలి. తగ్గితే ఎక్కువ టర్న్‌లు కాల్పులు తినాలి. మొదటిసారి ఇది ఆడినప్పుడు మా వాళ్లలో బాంబర్లు నడిపే ఆయన అయిదు నిమిషాలు బల్ల వైపే చూస్తూ ఉండిపోయారు.

గన్నర్ల డైస్‌లన్నీ అతని చేతికే ఇవ్వండి. పక్క గడిలో ఇంకో బాంబర్ ఉంటే ఒక డైస్ ఎక్కువ. ఫార్మేషన్ విలువ అప్పుడు తెలుస్తుంది. ఎదురుగా ముక్కు మీదికి వచ్చే దాడికి మాత్రం డైస్‌లు తగ్గించండి. బీ-17 ఎఫ్ మోడల్‌కి ముందువైపు తుపాకులు తక్కువని జర్మన్లు 1942 చివర్లోనే కనిపెట్టారు. అయితే ఎదురెదురుగా వచ్చే వేగం గంటకి 500 మైళ్ల పైనే, కాల్చడానికి ఒకటి రెండు సెకన్లే దొరుకుతుంది. కాబట్టి జర్మన్‌కి కూడా ఒకే ఒక్క అవకాశం, తర్వాత చుట్టూ తిరిగి మళ్లీ ముందుకి రావడానికి మూడు టర్న్‌లైనా పడుతుంది.

ఇంకొకరి జవాబు:

బొమ్మల గురించి ఒక మాట. 1/300 స్కేల్లో బీ-17 రెక్కలు పదిన్నర సెంటీమీటర్లు వస్తాయి. మీ గడులు నాలుగు సెంటీమీటర్లవైతే పక్కపక్కన పట్టవు, రెక్కలు తగులుకుని రంగు లేచిపోతుంది. అసలు ఫార్మేషన్‌లో లాగే ముందు, పై, కింది వరుసలుగా మూడు ఎత్తుల్లో పెట్టండి. స్టాండ్లకి రేడియోల్లో వాడే లాగుడు యాంటెన్నాలు వాడండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. విమానం పొట్ట కింద చిన్న అయస్కాంతం అతికించి యాంటెన్నా గుండు మీద కూర్చోబెడితే ఎటు కావాలంటే అటు వాలుతుంది. కొనేటప్పుడు అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. గుండు ఇత్తడిదైతే అంటుకోదు, దాని మీద ఉక్కు గోళీ అతికించుకోవాలి. నేను డజను కొనేశాక చూసుకున్నాను. అడుగున బరువుకి పెద్ద ఇనప వాషర్ సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

నిన్న ఆడాం. ఐదో టర్న్‌లో 5 పడి ఎస్కార్ట్‌లు వెళ్లిపోయాయి, గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆరింటిలో మూడు ఫార్మేషన్‌లోనే దాటాయి, ఒకటి కుంటుకుంటూ విడిగా దాటింది. మా తమ్ముడే వచ్చే వారం బాంబర్లు తనకే కావాలన్నాడు. 1944 కూడా ఆడాలనుంది, ఇవే పాయింట్లు ఉంచొచ్చా?

జవాబు:

ఉంచొద్దు. 1944 జనవరిలో అమెరికన్ జనరల్ డూలిటిల్ ఎనిమిదో దళం పగ్గాలు తీసుకున్నాక ఎస్కార్ట్‌లని బాంబర్ల పక్క నుంచి వదిలేసి, జర్మన్ ఫైటర్లని వెతికి కూల్చమన్నాడు. ఎక్కువ దూరం వెళ్లగల పీ-51 ఫైటర్లు కూడా అప్పటికే వచ్చాయి కాబట్టి పెట్రోల్ డైస్ తీసేయండి. అమెరికన్‌కి ఫైటర్ కూలిస్తే 1 బదులు 3 ఇవ్వండి, జర్మన్‌కి బాంబర్ పాయింట్లు అలాగే ఉంచండి. బాంబర్లు బీ-17 జీ మోడల్ అయితే ముక్కు కింద టరెట్ (అటూ ఇటూ తిరిగే తుపాకుల గూడు) ఉంటుంది, ఎదురు దాడికి తగ్గించిన డైస్‌లు తిరిగి ఇచ్చేయండి.