లాంగ్ బీచ్ పాలీ హైస్కూల్: అమ్మాయిని చేర్చొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

నార్త్ లాంగ్ బీచ్ నాన్న:

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలో, నార్త్ లాంగ్ బీచ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, వచ్చే ఏడు హైస్కూల్. లెక్కల్లో బాగానే ఉంటుంది, కానీ పరుగంటే పిచ్చి. 400 మీటర్లు పరిగెడుతుంది. స్కూల్ ఛాయిస్ ఫారంలో మొదటి పేరు "పాలీ, పేస్ ప్రోగ్రాం" (బాగా చదివే పిల్లలకి ఆ స్కూల్లో ఉండే ప్రత్యేక క్లాసులు) అని నన్ను అడక్కుండా తనే పెట్టేసింది.

నాకేమో టెన్షన్. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే "అది ఆ ర్యాప్ పాటలు పాడే స్నూప్ డాగ్ చదివిన స్కూలండీ, మీకు వేరే దొరకలేదా" అని ఒకాయన, "ఆ ఏరియా మంచిది కాదు" అని ఇంకొకావిడ. వాళ్లలో ఎవరూ ఆ గేటు దాటి లోపలికి వెళ్లినట్టు లేదు. ఆటల్లో చాలా పేరున్న స్కూల్ అని మాత్రం అందరూ ఒప్పుకుంటున్నారు. అసలు ఆ పేరు ఎలా వచ్చింది, చదువు ఎలా ఉంటుంది? పిల్లల్ని అక్కడ చదివించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి తల్లి:

మా అబ్బాయి అక్కడే చదివాడండీ, పేస్‌లోనే. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. నేను ఇదే ఊళ్లో ఒక క్లినిక్‌లో నర్సుని, కాబట్టి స్కూల్ గురించీ ఆ పేట గురించీ కూడా కాస్త తెలుసు.

ముందు ఏరియా సంగతి. స్కూల్ 16వ వీధి, అట్లాంటిక్ అవెన్యూ దగ్గర, ఊరి నడిబొడ్డున ఉంది. సముద్రం పక్కన అద్దాల మేడలుండే వైపు కాదు. కొంచెం కిందికి దిగితే అనహైమ్ వీధి, కంబోడియా టౌన్. 1975 తర్వాత కంబోడియాలో లక్షలమందిని చంపిన ఖ్మేర్ రూజ్ పాలన నుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. కంబోడియా బయట అంతమంది కంబోడియన్లు ఉన్న ఊరు ఇదేనంటారు. ఆ ఇళ్ల పిల్లలు, నల్లవాళ్లు, మెక్సికో మూలాలున్నవాళ్లు, సమోవా, టోంగా దీవుల వాళ్లు, తెల్లవాళ్లు అందరూ ఒకే గేటులోంచి వెళ్తారు. మొత్తం నాలుగు వేల మంది దాకా ఉంటారు. మొదటిసారి లంచ్ టైంలో వెళ్తే నాకు తిరునాళ్లలో నిలబడ్డట్టే అనిపించింది. గొడవలు అసలుండవని నేను చెప్పను. మావాడికి నాలుగేళ్లలో ఏ ఇబ్బందీ రాలేదు, అంతే. ఆ స్కూల్ పేరెత్తగానే మనవాళ్లు ముఖం చిట్లించేది ఎక్కువగా పిల్లల రంగు చూసే. ఆ మాట ఎవరూ పైకి అనరు గానీ నాకు తెలుసు.

ఇక చరిత్ర. 1895లో లాంగ్ బీచ్ హైస్కూల్‌గా మొదలైంది. 1911లో ఇప్పుడున్న చోటికి మారి పాలిటెక్నిక్ హైస్కూల్ అయింది. జట్ల పేరు జాక్‌రాబిట్స్. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఖాళీ నేలల్లో చెవులపిల్లులు విపరీతంగా ఉండేవట, ఆ పేరే నిలిచిపోయింది. రంగులు ఆకుపచ్చ, బంగారు రంగు. మావాడి పాత చొక్కాలు ఇంకా మా గరాజ్‌లో ఉన్నాయి, పారేయనివ్వడు.

దాని చరిత్రలో నన్ను బాగా పట్టుకున్నది భూకంపం. 1933 మార్చి 10, శుక్రవారం, సాయంత్రం 5:54కి లాంగ్ బీచ్ ఊగిపోయింది. తీవ్రత 6.4. పాలీ భవనాలు దెబ్బతిని కూలాయి. ఈ ప్రాంతం మొత్తం మీద 70 స్కూళ్లు నేలమట్టమయ్యాయి. చాలావరకు ఉక్కు ఊతం లేని ఇటుక గోడలు, అవి పక్కకి ఒరిగి పడిపోయాయి. పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయిన సమయం కాబట్టి సరిపోయింది. అదే మూడు గంటలు ముందు వచ్చి ఉంటే? ఆ ఊహకే జనం వణికిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. కాలిఫోర్నియాలో గవర్నమెంట్ స్కూల్ ఎక్కడ కట్టినా ముందు ప్లాన్‌ని రాష్ట్రం పరిశీలించి ఒప్పుకోవాలి, కడుతున్నంతసేపూ ఇన్‌స్పెక్టర్ చూడాలి. పాలీ పిల్లలు ఆ తర్వాత డేరాల్లో చదువుకున్నారు. మీ అమ్మాయిని ఈ రాష్ట్రంలో దాదాపు ఏ పబ్లిక్ స్కూల్లో వేసినా, ఆ చట్టం ప్రకారం కట్టిన గదుల్లోనే కూర్చుంటుంది.

చదువు విషయానికొస్తే పేస్ కథ తెలుసుకోవాలి. 1960ల చివర, 70ల మొదట్లో అమెరికా అంతటా ఉన్నట్టే పాలీలోనూ నల్ల, తెల్ల పిల్లల మధ్య కొట్లాటలు జరిగాయి. తెల్ల కుటుంబాలు పిల్లల్ని తీసుకెళ్లిపోతున్నాయి. అప్పుడు బడి వాళ్లు పోలీసుల్ని పెంచి ఊరుకోలేదు. 1975లో పేస్ పెట్టారు. బాగా చదివే పిల్లలకి కష్టమైన పాఠాలు, కానీ అదే ప్రాంగణంలో, అదే జట్లలో, అదే బ్యాండులో. వేరే పేటల పిల్లల్ని ఈ స్కూల్‌కి రప్పించడానికి అదొక ఉపాయం. అది పనిచేసింది. గోడ మీద రాసుకునే మాట "హోమ్ ఆఫ్ స్కాలర్స్ అండ్ ఛాంపియన్స్". ఛాంపియన్లు ఎప్పటినుంచో ఉన్నారు. స్కాలర్స్ అన్న సగాన్ని మాత్రం గట్టిగా పట్టుబట్టి నిలబెట్టుకున్నారని నా అభిప్రాయం.

ఒక్క ఇబ్బంది ఉంది. పేస్ పిల్లలు పేస్ పిల్లలతోనే తిరిగే ప్రమాదం ఉంటుంది, క్లాసులు అన్నీ కలిసే కదా. మీ అమ్మాయికి పరుగు ఉంది కాబట్టి ఆ గోడ ఉండదు. మావాడు బ్యాండులో ట్రంపెట్ వాయించాడు, అలా బయటపడ్డాడు.

స్నూప్ డాగ్ అంటారా, అవును, 1989లో అక్కడే పాసయ్యాడు. హాలీవుడ్ నటి కామెరాన్ డియాజ్ కూడా ఆ రోజుల్లో అక్కడే చదివింది. ఒపెరా గాయని మారిలిన్ హార్న్ కూడా పాలీ అమ్మాయే. మీ గ్రూపు పెద్దమనిషికి ఆవిడ పేరు చెప్పి చూడండి.

శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్:

తెనాలి అక్కా, ఆటల గురించి నన్ను చెప్పనివ్వండి. నేను పాలీలో చదవలేదు, మా ఇద్దరు పిల్లలూ వేరే స్కూలు. కానీ వాళ్ల మ్యాచులకి మాత్రం వెళ్తుంటాను. మాది కరీంనగర్, ఈ దేశం వచ్చేదాకా ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే అనుకున్నవాణ్ణి.

2005లో స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రిక పాలీకి "స్పోర్ట్స్ స్కూల్ ఆఫ్ ద సెంచరీ" అని బిరుదిచ్చింది. ఊరికే ఇవ్వలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు) జట్లు ఎంచుకున్న పాలీ కుర్రాళ్లు అరవైకి పైనే. విల్లీ మెగినెస్ట్, డిషాన్ జాక్సన్, జుజు స్మిత్-షుస్టర్ ఇక్కడివాళ్లే. జుజు చిన్నప్పుడు ఆడింది స్నూప్ డాగ్ పెట్టిన పిల్లల ఫుట్‌బాల్ లీగులో. ఆయన మీద మీ గ్రూపు వాళ్లకి కోపం తగ్గడానికి ఈ ఒక్క ముక్క పనికొస్తుంది.

అన్నిటికన్నా చెప్పుకోవాల్సిన మ్యాచ్ 2001 అక్టోబర్ 6ది. దేశంలో నంబర్ 1 డి లా సాల్, నంబర్ 2 పాలీ. రెగ్యులర్ సీజన్‌లో హైస్కూల్ మొదటి ర్యాంకు, రెండో ర్యాంకు జట్లు ఎదురుపడటం అదే తొలిసారి. డి లా సాల్ కాంకర్డ్‌లోని ప్రైవేట్ కాథలిక్ స్కూల్, 1992 నుంచి ఒక్క మ్యాచ్ ఓడలేదు. పాలీ అంటే ఈ వీధుల పిల్లలు. లాంగ్ బీచ్ వెటరన్స్ స్టేడియం కిక్కిరిసిపోయింది. డి లా సాల్ తరఫున మారిస్ డ్రూ అనే కుర్రాడు నాలుగు టచ్‌డౌన్లు చేశాడు, పాలీ 29-15తో ఓడింది. ఆ పాలీ జట్టులో ఉన్న మార్సెడిస్ లూయిస్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తన వయసు నలభై నిండాక కూడా ఆడాడు. ఓడిన మ్యాచుని ఇన్నేళ్లయినా స్టాండ్స్‌లో పెద్దవాళ్లు ఇంత గర్వంగా చెప్పుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

బేస్‌బాల్‌లో టోనీ గ్విన్. శాన్‌డియాగో పాడ్రేస్ తరఫున 3,141 హిట్లు, 8 బ్యాటింగ్ టైటిళ్లు. క్రికెట్ పిచ్చోళ్లకి ఎలా చెప్పాలి... సిక్సర్ల కోసం చూసేవాడు కాదు, ఫీల్డర్ల మధ్య ఖాళీ చూసి బంతి పంపేవాడు. చేజ్ అట్లీ కూడా పాలీయే, 2008లో ఫిలడెల్ఫియా వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

సెరిటోస్ బాబాయ్:

అన్నీ బాగున్నాయి గానీ, ఎవరో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్తే మీ అమ్మాయికి ఆల్జీబ్రా రాదు. మా ఊళ్లో విట్నీ హైస్కూల్ ఉంది, అదీ పబ్లిక్ స్కూలే, చదువులో దేశంలో పేరున్నది, చిన్నది. నాలుగు వేల మంది ఉన్న చోట, ఏ క్లాసులు తీసుకోవాలో చెప్పే కౌన్సెలర్‌ని కలవాలంటే ఎన్నాళ్లు పడుతుందో అడగండి ముందు. మా పెద్దాడు ఒక పెద్ద హైస్కూల్లో చదివాడు, పేరెందుకులెండి. సీనియర్ ఏడాది సగం గడిచాక ఒక క్లాసు తక్కువైందని చెప్పారు. వేసవిలో కూర్చుని పూర్తిచేశాడు.

తెనాలి తల్లి:

బాబాయ్ గారూ, కౌన్సెలర్ మాట నిజమే. పెద్ద స్కూల్లో నోరున్న పిల్లలకి పని జరుగుతుంది, లేనివాళ్లు వెనకబడతారు. మావాడు మొదటి ఏడు లేనివాడే. పేస్‌లో కాస్త నయం, పిల్లల్ని పేరుతో పిలిచే టీచర్లు దొరుకుతారు. కానీ విట్నీకి ఏబీసీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉండి పరీక్ష రాయాలి కదండీ. వీళ్లది లాంగ్ బీచ్ డిస్ట్రిక్ట్.

నార్త్ లాంగ్ బీచ్ నాన్న:

చాలా థాంక్స్ అండీ. రాత్రి అందరం కూర్చుని చదివాం. మా అమ్మాయి ఒకటే ప్రశ్న అడగమంది: "అందరూ అబ్బాయిల గురించే చెప్తున్నారు, అమ్మాయిల సంగతేంటి?"

తెనాలి తల్లి:

భలే అడిగింది. నేనే ముందు చెప్పాల్సింది.

టెన్నిస్ ఛాంపియన్ బిల్లీ జీన్ కింగ్ పాలీలో 1961 బ్యాచ్. అప్పుడు ఇంటిపేరు మాఫిట్. వాళ్ల నాన్న ఇదే ఊళ్లో ఫైర్‌మాన్. క్లబ్బుల్లో చేరే డబ్బుల్లేవు, లాంగ్ బీచ్ పార్కుల్లో ఉచితంగా నేర్పుతుంటే టెన్నిస్ నేర్చుకుంది. 1955లో లాస్ ఏంజెలెస్ టెన్నిస్ క్లబ్‌లో ఒక టోర్నమెంటుకి వెళ్తే, అమ్మ కుట్టిన నిక్కరు వేసుకుంది, టెన్నిస్ గౌను లేదని గ్రూపు ఫోటోలోంచి పక్కకి తప్పించారు. స్కూల్ అయిన ఏడాదే, 17 ఏళ్లకి, వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. గెలిచి వచ్చి కాల్ స్టేట్ ఎల్‌ఏ కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ లేదు. అదే లాస్ ఏంజెలెస్‌లో టెన్నిస్ ఆడే మగవాళ్లకి, యూసీఎల్‌ఏ కాలేజీలో ఆర్థర్ ఆష్‌కి, యూఎస్‌సీలో స్టాన్ స్మిత్‌కి, ఫుల్ స్కాలర్‌షిప్. ఈవిడ చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ చదివింది. మొత్తం గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు 39. వాళ్ల తమ్ముడు రాండీ కూడా పాలీయే, బేస్‌బాల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి పిచర్‌గా ఆడాడు. ఇప్పుడు మా ఊరి పెద్ద లైబ్రరీకి ఆవిడ పేరే, 2019లో తెరిచారు. నేను అక్కడికే వెళ్లి చల్లగా కూర్చుంటాను.

ఆడపిల్లలకి స్కూల్ జట్లు సరిగ్గా వచ్చింది స్కూళ్లలో ఆడామగా తేడా చూపకూడదన్న 1972 టైటిల్ నైన్ చట్టం తర్వాతే. ఆ తర్వాత పాలీ అమ్మాయిల ట్రాక్ జట్టు రాష్ట్రాన్ని ఏలింది. మీ అమ్మాయిది 400 మీటర్లు అన్నారు కదా, ఆండ్రియా ఆండర్సన్ పేరు చెప్పండి. పాలీ నుంచి యూసీఎల్‌ఏకి, అక్కణ్నుంచి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లింది. 4×400 రిలే హీట్స్‌లో (ఫైనల్‌కి ముందు పరుగుల్లో) పరిగెత్తింది, జట్టుకి స్వర్ణం. తర్వాత అదే జట్టులోని మారియన్ జోన్స్ డోపింగ్ ఒప్పుకోవడంతో మొత్తం జట్టు పతకాలు లాగేశారు. ఏ తప్పూ చేయని మిగతా అమ్మాయిలు కేసు వేశారు. 2010లో క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు వాళ్ల పతకాలు వాళ్లకి ఇప్పించింది. అప్పటికి ఆ ఒలింపిక్స్ అయి పదేళ్లు.

ఇక పని మాటలు. సీటు రాగానే ట్రాక్ కోచ్‌కి మెయిల్ పెట్టమనండి, తనే రాయాలి, మీరు కాదు. ఆడాలంటే గ్రేడ్ల సగటు కనీసం 2.0 ఉండాలి, అది రాష్ట్రమంతా ఉన్న రూలు, మీ అమ్మాయికి లెక్కలోకి రాదనుకోండి. ప్రాక్టీసు అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. ఎవరు తీసుకురావాలో మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి, మా ఇంట్లో పెద్ద గొడవలన్నీ దాని మీదే. డాక్టరు సంతకం పెట్టే స్పోర్ట్స్ ఫిజికల్ ఫారం మాత్రం జూన్‌లోనే చేయించేయండి. ఆగస్టులో అపాయింట్‌మెంట్లు దొరకవు, మా క్లినిక్‌లో ఆ ఫోన్లు ఎత్తేది నేనే.