రోజంతా పనే, చేయాల్సిన పని మాత్రం రేపటికే

గాంధీరోడ్డు అంగడి:
తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో నాకు డిస్పోజబుల్స్ అంగడి ఉంది. పేపర్ ప్లేట్లు, విస్తరాకులు, గ్లాసులు, పార్శిల్ కవర్లు. టిఫిన్ సెంటర్లవాళ్లు పొద్దున్నే వస్తారు కాబట్టి ఆరున్నరకు షట్టర్ ఎత్తుతాను, దించేసరికి రాత్రి పది. నన్ను సోమరి అని మా ఆవిడ కూడా ఎప్పుడూ అనలేదు, ఆమె అనే మాటలు వేరే ఉన్నాయి.

కానీ మూడు పనులు మాత్రం నెలల తరబడి వాయిదా వేస్తూనే ఉన్నాను. అప్పు పద్దు పుస్తకం తీసి ఎవరెంత ఇవ్వాలో చూసి ఫోన్లు చేయడం, ఆడిటర్‌కు బిల్లులు పంపడం, గోడౌన్లో సరుకు లెక్క పెట్టడం. కూర్చుందాం అనుకోగానే ఎవరో వస్తారు, ఎవరూ రాకపోతే నేనే లేచి సర్దిన ప్లేట్లే మళ్లీ సర్దుతాను. పోయిన నెల జీఎస్టీఆర్-1, అంటే అమ్మిన బిల్లుల వివరాలు చూపే జీఎస్టీ రిటర్ను, పదకొండో తేదీకి పోవాల్సింది పందొమ్మిదికి పోయింది. శ్రీకాళహస్తిలో నా దగ్గర హోల్‌సేల్‌గా కొనే ఆయన "మీ బిల్లు నా జీఎస్టీ పోర్టల్లో కనపడలేదు, కనపడేదాకా ఆగండి" అని డబ్బులు ఆపేశాడు. తప్పు నాదే, ఏమంటాను?

టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు ఒకే పని చేసే పద్ధతి కూడా చూశాను. గిరాకీ ఉన్న అంగడిలో 25 నిమిషాలు ఎవరిస్తారు సామీ, అయిదు నిమిషాలకే ఒకాయన వచ్చి చిల్లర అడుగుతాడు. ఇలాంటి అంగడి నడిపి ఈ జబ్బు నుంచి బయటపడినవాళ్లు ఉంటే చెప్పండి. ఆలస్యం అమృతం విషం అని మాత్రం ఎవరూ రాయొద్దు, అది మా నాయన రోజూ చెప్తాడు.

చిత్తూరు టైలరక్క:
తమ్ముడూ, నీ మూడు పనుల్లో మొదటిది చూడు. దానికి బద్ధకం అని పేరు పెట్టుకున్నావు గానీ అది మొహమాటం. సరుకు ఇచ్చేటప్పుడు నవ్వుతూ ఇస్తాం, డబ్బులు అడగాలంటే గొంతు రాదు. అందుకే అడగాల్సిన రోజునే మనకు అంగడిలో ఎక్కడలేని పనులు కనిపిస్తాయి. నాకూ అంతే. చిత్తూరులో బ్లౌజులు కుడతాను, పెళ్లిళ్ల సీజన్లో తీసుకుపోయినవాళ్లు ఆషాఢం దాకా ఇవ్వరు, నేను అడగను, రాత్రి పడుకున్నాక మాత్రం అన్నీ లెక్క పెట్టుకుంటాను.

ఇప్పుడు చేసేది ఇది. రాత్రి మిషన్ ఆపేముందు కటింగ్ టేబుల్ మీద చాక్‌తో ఒక్క పేరు రాస్తాను. ఒక్కటే. పొద్దున గుడ్డ పరచాలంటే ఆ పేరు చెరపాలి, చెరపాలంటే ఫోన్ చేసి ఉండాలి. మొదటి వారం రెండుసార్లు ఫోన్ చేయకుండానే చెరిపేశాను, అబద్ధం ఎందుకు. తర్వాత అలవాటైంది. "అక్కా, మీ బ్లౌజుల లెక్క రాసుకుంటున్నా" అని మొదలుపెడితే అవతలివాళ్లకూ కష్టంగా ఉండదు, నాకూ గొంతు వస్తుంది. నీకు కటింగ్ టేబుల్ లేదు కదా, గల్లా పెట్టె మూత మీద రాసుకో.

పన్నులాయన:
మమ్మల్ని అందరూ ఆడిటర్ అనే పిలుస్తారు గానీ నేను రిటర్నులు వేసే ట్యాక్స్ ప్రాక్టీషనర్‌ను. మీ రెండో పని గురించి చెప్తాను. జీఎస్టీఆర్-1 వేయకపోతే అదే నెల 3బి, అంటే పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను, వేయలేరు. ఇరవయ్యో తేదీ దాటితే 3బికి రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. మీరు పదకొండు దాటించి వేసిన బిల్లు కొన్నవాళ్లకు తర్వాతి నెల లెక్కలోకి పోతుంది, దాని మీద కట్టిన పన్నును వాళ్ల పన్నులో తగ్గించుకోవడం ఒక నెల ఆగుతుంది, ఆ కాళహస్తి ఆయన పట్టుబట్టింది అందుకే.

టర్నోవర్ అయిదు కోట్లలోపు ఉంటే మూడు నెలలకోసారి రిటర్ను వేసే వెసులుబాటు ఉంది. ఎవరో ఒకరు మీకు చెప్తారు, తీసుకోకండి. నెల పనిని వాయిదా వేసేవాడికి మూడు నెలల గడువు ఇస్తే మూడు నెలల బిల్లులు కుప్ప పడతాయి, ఆ కుప్ప తెచ్చి చివరి రోజు రాత్రి తొమ్మిదికి మా టేబుల్ మీద పోస్తారు. ఒకసారి ఒకాయన గోనెసంచిలో తెచ్చాడు, అందులో కరెంటు బిల్లులు, పెళ్లి పత్రిక కూడా ఉన్నాయి.

నెల బిల్లులన్నీ కలిపి పంపొద్దు. రాత్రి షట్టర్ దించేముందు ఆ రోజు జీఎస్టీ నంబరు ఉన్న బిల్లులకు మాత్రం ఫోటో తీసి మీ ఆడిటర్‌కు వాట్సాప్ కొట్టండి. రోజుకు నాలుగో అయిదో ఉంటాయి, నిలబడే చేయొచ్చు.

రేణిగుంట కుర్రోడు:
అన్నా, చిన్న సంస్థలకు గవర్నమెంటు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు, కొన్నవాళ్లు 45 రోజుల్లో డబ్బులు ఇవ్వకపోతే వడ్డీతో కట్టాలని చట్టం ఉంది. ఫోన్లు చేసే పనే ఉండదు!

పన్నులాయన:
అలా కుదరదు బాబూ. 2021 జులై నుంచి వ్యాపారులకు కూడా ఉద్యమ్ ఇస్తున్నారు, కానీ అది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం వరకే. కొని అమ్మేవాళ్లకు ఆ 45 రోజుల రక్షణ వర్తించదు. ఆయన సొంతంగా మిషన్ పెట్టి ప్లేట్లు తయారు చేస్తే వేరే సంగతి. ఫోన్ చేయాల్సిందే.

పాత ఇనప సామాన్లు:
నలభై ఏళ్లుగా అంగడి నడుపుతున్నాను నైనా. ఈ వాట్సాపులు నాకు తెలియవు, ఒకటి మాత్రం చెప్తా. అంగడిలో కూర్చుని అంగడి లెక్క చూడలేవు. మధ్యాహ్నం మూడింటికి గిరాకీ తగ్గుతుంది కదా, కుర్రాణ్ణి గల్లా దగ్గర కూర్చోబెట్టి పుస్తకం తీసుకుని గోవిందరాజస్వామి గుడి దగ్గరికి పో, ఎక్కడైనా నీడలో కూర్చో. అరగంట చాలు. కుర్రాడి మీద నమ్మకం లేదంటావా, అయితే నీ అసలు సమస్య వాయిదా కాదు. సరుకు లెక్క మాత్రం తమిళుల పెరటాసి నెల రాకముందే చూసుకో, తమిళనాడు జనం దిగినాక మూత్రానికి పోయే టైం కూడా దొరకదు.

గాంధీరోడ్డు అంగడి:
నాలుగు రోజులైంది, జరిగింది చెప్తాను. అక్క చెప్పినట్టు గల్లా పెట్టె మూత మీద ఒక పేరు రాశాను. మొదటి రోజు చెరిపేశాను. రెండో రోజు చేశాను. తిరుచానూరు రోడ్డులో టిఫిన్ సెంటర్ ఆయన, ఏడు నెలల బాకీ, 9,400. నేను రెండు రోజులు మాటలు పేర్చుకుంటే ఆయన "నువ్వు అడగలేదు కదా, నేనూ మర్చిపోయినా" అన్నాడు, అరగంటలో 6,000 ఫోన్‌పే చేశాడు. ఏడు నెలలు నేను దేనికి భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

బిల్లుల ఫోటోలు మూడు రాత్రులు పంపాను, ఒక రాత్రి మర్చిపోయాను. మా ఆడిటర్ "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

కుర్రాణ్ణి గల్లా దగ్గర కూర్చోబెట్టే సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను పెద్దాయనా, మీరన్న మాట గుచ్చుకుంది. గోడౌన్ మాత్రం వచ్చే ఆదివారం. అక్కా, తిట్టొద్దు.

చిత్తూరు టైలరక్క:
ఏ ఆదివారం? తేదీ రాయి.