కొత్తిమీర మొలకలు వాలిపోతున్నాయి, ఎవరైనా చెప్పండి

మారతహళ్లి బాల్కనీ: పొద్దున్నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నాను. ఒకరు రోజూ నీళ్లు పోయమంటారు, ఇంకొకరు అస్సలు వద్దంటారు, బుర్ర వేడెక్కిపోయింది. ధనియాలు చపాతీ కర్రతో నలిపి రాత్రంతా నానబెట్టి చల్లాను. చక్కగా మొలిచాయి, రెండంగుళాలు లేచాయి కూడా. ఇప్పుడు ఒక్కొక్కటే పడిపోతోంది. ఏం ఎరువు వేయాలి? ఉన్నవైనా బతికించుకోవాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

కోరమంగళ: కుండీ అడుగున రంధ్రాలున్నాయా?

హెబ్బాళ మిద్దెతోట: ఏ ధనియాలో చెప్పకుండా అడిగితే ఎలాగండీ? కిరాణా కొట్లో పాతబడ్డవి సగం కూడా మొలవవు. మన బెంగళూరు కె.ఆర్. మార్కెట్లో నాటి, అంటే దేశవాళీ, కొత్తిమీర కట్ట పట్టుకోండి, చేతికి వాసన అంటుకుంటుంది. హైబ్రిడ్‌కి ఆకు పెద్దదే గానీ పప్పులో వేస్తే ఏమీ తెలియదు. విత్తనం దగ్గరే జాగ్రత్త పడాలి.

మారతహళ్లి బాల్కనీ: మొలిచాయనే కదండీ చెప్పాను! పడిపోతున్నాయి, అదీ బాధ.

బాణసవాడి: నాటి కానిదంతా హైబ్రిడ్ కాదు సార్. మన గుంటూరు లాం పరిశోధనా కేంద్రం ఇచ్చిన సింధు, సాధన, స్వాతి రకాలున్నాయి, అవి హైబ్రిడ్లా?

హెబ్బాళ మిద్దెతోట: నేను మార్కెట్లో అనే మాట అన్నాను. అక్కడ అందరూ అలాగే అంటారు.

కోరమంగళ: రంధ్రాలు?

మారతహళ్లి బాల్కనీ: ఉన్నాయండీ. కింద ప్లేటు పెట్టాను, వంటింటి గట్టు మీద నీళ్లు కారకుండా. మట్టి లేదు, ఉత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఆరిపోతుందని పొద్దున, సాయంత్రం పోస్తున్నాను.

బెళ్లందూరు: వంటింట్లోనా? ఆ మాట ముందే చెప్పాల్సింది. పడిపోయిన మొక్కను మెల్లగా పీకి, మట్టికి ఆనే చోట చూడండి. గోధుమరంగుకి మారి దారంలా సన్నబడిపోతే అది నారుకుళ్లు. తడి ఆరని చోట, ఒత్తుగా చల్లిన చోట వచ్చే ఫంగస్ తెగులు, ఎరువుతో పోదు. పడినవి ఇక లేవవు, తీసి పారేయండి, మిగతావి కాస్త పలచన చేయండి. ప్లేట్లో నీళ్లు వంపేయండి. వేలు పెట్టి చూసి పైపొర ఆరితేనే పొయ్యండి, అదీ పొద్దున పూటే. నాలుగైదు గంటలు ఎండ తగిలే బాల్కనీలోకి మార్చండి, నీడలో కాడలు సాగి ఇంకా బలహీనపడతాయి. మళ్లీ చల్లేటప్పుడు ఆ కోకోపీట్ వాడొద్దు, కనీసం ఎనిమిదంగుళాల లోతున్న కుండీలో ఎర్రమట్టి, వర్మీకంపోస్టు కలిపి కొంచెం ట్రైకోడెర్మా (తెగులు ఫంగస్‌ని అణిచే మంచి ఫంగస్) వేసుకోండి. మొలిచాక వేరే కుండీలోకి మార్చకండి, తల్లివేరు తెగితే తట్టుకోలేదు.

బాణసవాడి: ఎండాకాలంలో మాత్రం అంత ఎండ వద్దు, తొందరగా పూతకొచ్చేస్తుంది.

మారతహళ్లి బాల్కనీ: దారంలాగే ఉందండీ. ప్లేటు తీసేశాను. థాంక్స్, ఆఫీసుకి లేటవుతోంది.

సర్జాపుర రోడ్డు: అక్కా, పుదీనా కాడలు గుచ్చితే నల్లబడుతున్నాయి, అదీ ఇదేనా?