అప్‌డేట్: శ్రమకాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస రోజుల్లో) సందేహాలతో ప్రార్థన చేయవచ్చా అని అడిగాను కదా

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఉపవాసం ఉంటున్నా దేవుడు వింటున్నాడో లేదో తెలియడం లేదని అప్పుడు రాశాను. బైబిల్లో మార్కు సువార్త 9:24 చదవమని కొందరు చెప్పారు. జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన ఆ తండ్రి, నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకం విషయంలో సాయం చేయమని వేడుకున్నాడు. యేసు ఆయన్ని తోసేయలేదు, బిడ్డను బాగుచేశాడు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు.

88వ కీర్తన కూడా చదివాను. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతివైపు తిరుగుతాయి. ఇది మాత్రం చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా అదీ ప్రార్థనే!

ఇప్పుడు పొడవైన ప్రార్థనలు పక్కన పెట్టి, ఆ తండ్రి మాటే చెప్పుకుంటున్నాను. సందేహం పోలేదు, టెన్షన్ మాత్రం తగ్గింది. ఈస్టర్ వరకు ఉపవాసం కొనసాగిస్తాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.